బ్రాండింగ్‌కి బియాండ్ బర్గర్ పట్టుకెళ్లొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. ఎనిమిదేళ్లుగా నెబ్రాస్కాలో, కార్నీ ఊళ్లో ఉంటున్నాం. ఇంట్లో అందరం శాకాహారులం. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. బర్గర్ బర్గర్ అని ప్రాణం తీస్తుంటే, మొక్కలతో చేసిన బియాండ్, ఇంపాసిబుల్ కంపెనీల ప్యాటీలు తెచ్చి ఏడాదిగా ఇంట్లోనే చేసి పెడుతున్నాను. మొదటిరోజు పెనం మీద అది ఎర్రగా కారడం చూసి మా అత్తగారు ఆ పెనాన్ని మళ్లీ ముట్టుకోలేదు, అది వేరే కథ. ఇప్పుడు సమస్య ఏమిటంటే, వాడి స్నేహితుడి తాతగారికి ఉత్తరాన శాండ్‌హిల్స్‌లో పశువుల రాంచ్ ఉంది. మొన్న వీడు అక్కడ మాటల్లో తను తినే బర్గర్ సంగతి చెబితే, ఆయన మొహం ముడుచుకుని "ఆ నకిలీ మాంసమే మా నోటికాడి కూడు లాగేస్తోంది" అన్నారట. వీడు ఇంటికొచ్చి ఒకటే దిగులు. మే నెలలో వాళ్ల దూడల బ్రాండింగ్‌కి, అంటే దూడలకి కాల్చిన ముద్రలు వేసే రోజుకి, మమ్మల్నందర్నీ పిలిచారు. నిజంగా వీటివల్ల పశువుల రైతులు నష్టపోతున్నారా? ఇవి బీఫ్ కన్నా ఆరోగ్యమేనా, పిల్లాడికి వారానికి మూడుసార్లు పెట్టొచ్చా? బ్రాండింగ్ రోజు మాకోసం ఆ ప్యాటీలు పట్టుకెళ్తే బాగుండదా?

జవాబు: అక్కా అన్నారు కాబట్టి చనువుగానే చెబుతాను. చివరి ప్రశ్నకి ముందు జవాబు: పట్టుకెళ్లకండి. ఎందుకో తర్వాత చెబుతా. ముందు ఆ పెనం సంగతి తేల్చేద్దాం, పాపం అదేం చేసింది.

బియాండ్ ప్యాటీలో ఎర్రగా కారేది బీట్‌రూట్ రసం. మిగతాదంతా చాలావరకు పసుపు బఠానీల నుంచి తీసిన ప్రొటీన్, నూనె, నీళ్లు, వీటన్నిటినీ పట్టి ఉంచడానికి మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు. ఈ జిగురు తమాషా ఏమిటంటే వేడికి గట్టిపడుతుంది, చల్లారితే మళ్లీ మెత్తబడుతుంది, అందుకే ఆరిపోయిన ప్యాటీ తింటే నోట్లో పిండిపిండిగా ఉంటుంది. ఇంపాసిబుల్ వాళ్లది వేరే దారి. స్టాన్‌ఫర్డ్‌లో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా ఉన్న పాట్రిక్ బ్రౌన్ 2011లో పెట్టిన కంపెనీ అది. మాంసానికి ఆ రంగూ ఆ వాసనా ఇచ్చేది హీమ్ అనే పదార్థం, అది మొక్కల్లో ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే సోయా వేళ్లలో దొరికింది. మీ తాతగారి చేలో మినుమో పెసరో వేసి ఉంటే మీరూ చూసే ఉంటారు, మొక్క పీకితే వేళ్లకి చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. అదే ఆ రంగు. కంపెనీ వాళ్లు లక్షల మొక్కలు పీకలేరు కదా, అందుకని ఆ సోయా జన్యువుని ఈస్టులో పెట్టి, బీరు పులియబెట్టినట్టు పెద్ద పెద్ద తొట్లలో తయారు చేస్తారు. జన్యుమార్పిడి సరుకు వద్దు అనుకునేవాళ్లకి ఇది తెలియాలి. జంతువు రక్తం మాత్రం చుక్క కూడా లేదు. అత్తగారికి వేరు బుడిపె కథ చెప్పి చూడండి, ఆవిడ పల్లెటూళ్లో పెరిగి ఉంటే టక్కున అర్థమవుతుంది.

ఇంట్లో సరే, బయట జాగ్రత్త. బర్గర్ కింగ్‌లో ఈ ప్యాటీతో చేసే ఇంపాసిబుల్ వొప్పర్ అనే బర్గర్‌ని మామూలుగా బీఫ్ కాల్చే మంట మీదే కాలుస్తారు. ఇది తెలిసి 2019 నవంబర్‌లో ఒక వీగన్ కస్టమర్ కోర్టుకి కూడా వెళ్లాడు. వేరేగా వండుతామని కంపెనీ మాట ఇవ్వలేదు కదా అని కోర్టు ఆ కేసు కొట్టేసింది. మీకు పట్టింపు ఉంటే ఆ బీఫ్ కాల్చే మంట మీద వద్దు, విడిగా చేసివ్వండి అని అడగాలి, చేసిస్తారు. అందులో మయొనైజ్ గుడ్డుతో చేసిందే, అదీ వద్దనాలి. మనవాళ్లు చాలామంది పేరు చూసి ధైర్యంగా తినేస్తున్నారు, తర్వాత తెలిసి బాధపడటం కన్నా ముందే అడగడం నయం.

ఇక ఆరోగ్యం. ఇక్కడ నేను మిమ్మల్ని కొంచెం నిరుత్సాహపరచాలి.

ఒక ప్యాటీ అంటే 4 ఔన్సులు, మన లెక్కలో 113 గ్రాములు. 20 శాతం కొవ్వు ఉండే మామూలు గ్రౌండ్ బీఫ్ అంతే తూకం తీసుకుంటే దాదాపు 285 కేలరీలు, 19 గ్రాముల ప్రొటీన్. 2019లో వచ్చిన ఇంపాసిబుల్ ప్యాటీలో 240 కేలరీలు, అదే 19 గ్రాముల ప్రొటీన్. సాచురేటెడ్ కొవ్వు, అంటే చెడు కొలెస్టరాల్ పెంచే రకం, బీఫ్‌లో ఎనిమిదిన్నర గ్రాముల దరిదాపు, ఇందులో 8. అంటే పెద్ద తేడా ఏమీ లేదు, కారణం కొబ్బరినూనె. తర్వాత తగ్గించి 6కి తెచ్చారు. బియాండ్ వాళ్లు 2024లో కొబ్బరినూనె తీసేసి అవకాడో నూనె పెట్టి 2 గ్రాములకి దించారు. కాబట్టి ఏ కంపెనీది, ఏ సంవత్సరంది అనేదాన్ని బట్టి లెక్క మారిపోతుంది, ప్యాకెట్ తిప్పి చూడక తప్పదు. కొలెస్టరాల్ వీటిలో సున్నా, అది మొక్కల్లో ఉండదు కాబట్టి అందులో వాళ్ల గొప్పేం లేదు. ఉప్పు దగ్గర మాత్రం బీఫ్‌దే పైచేయి: దాంట్లో సోడియం 75 మిల్లీగ్రాముల చిల్లర, వీటిలో 300 నుంచి 400 దాకా. కానీ ఇది కూడా పూర్తిగా న్యాయమైన పోలిక కాదు, ఉప్పు చల్లకుండా బీఫ్ ప్యాటీ ఎవరు కాలుస్తారు? అసలు ఉప్పంతా బన్నులో, చీజ్‌లో, కెచప్‌లో, పక్కన పెట్టే ఫ్రైస్‌లో ఉంటుంది. అన్నీ కలిపితే ఒక్క పూటకే 1000 మిల్లీగ్రాములు దాటిపోవడం ఎంతసేపు.

పరిశోధనలు ఏమంటున్నాయి అంటే, 2020లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 36 మందికి ఎనిమిది వారాలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల మాంసం పెట్టి చూసింది. మొక్కలది తిన్నప్పుడు చెడు కొలెస్టరాల్ పది పాయింట్లు తక్కువగా ఉంది, బరువు కూడా కిలో దాకా తగ్గింది. మంచిదే, కాకపోతే ఆ పరిశోధనకి డబ్బిచ్చింది బియాండ్ మీట్ కంపెనీయే. డబ్బిచ్చినంత మాత్రాన అబద్ధమని కాదు, గార్డ్‌నర్ పేరున్న శాస్త్రవేత్త, కానీ చదివేటప్పుడు ఆ మాట గుర్తుండాలి. మరుసటి ఏడాది డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు మొక్కల బర్గర్‌ని, గడ్డి మేసిన పశువుల బీఫ్‌ని ల్యాబులో పక్కపక్కన పెట్టి 190 సూక్ష్మపదార్థాలు కొలిస్తే 171 వేరువేరుగా వచ్చాయి. ప్యాకెట్ మీద ప్రొటీన్, ఇనుము అంకెలు ఒకేలా ఉన్నా లోపలి సరుకు ఒకటి కాదన్నమాట. బీఫ్‌లో ఉండే క్రియాటిన్ లాంటివి వీటిలో లేవు, మొక్కల్లో ఉండే కొన్ని మంచివి బీఫ్‌లో లేవు.

అయితే చెల్లీ, ఈ పోలికంతా బీఫ్ తినేవాళ్లకి పనికొస్తుంది, మీకు కాదు. మీవాడు ఈ బర్గర్ మానేస్తే బీఫ్ తినడు. పప్పన్నం తింటాడు, పెరుగు వేసుకుంటాడు, శనగల కూర తింటాడు. కాబట్టి మీరు పోల్చాల్సింది వాటితో. ఆ లెక్కలో ఇది ఫ్యాక్టరీలో చేసిన, ఉప్పు ఎక్కువున్న, ఖరీదైన తిండి. వారానికోసారి సరదాగా పెట్టండి, ఏం కాదు. మూడుసార్లు వద్దు. ఇందులో నాకు నచ్చే విషయం ఒక్కటే, ఇంపాసిబుల్‌లో బి12 కలుపుతారు, మన శాకాహార పిల్లల్లో చాలామందికి తక్కువ ఉండేది అదే. కానీ బి12 కోసం బర్గర్ తినక్కర్లేదు, డాక్టర్‌తో ఒకసారి పరీక్ష రాయించుకోండి, తక్కువుంటే రోజుకో మాత్రతో పోతుంది.

ఇప్పుడు తాతగారి కోపం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఆయన బాధ నిజం, ఆయన వేలు చూపించిన చోటే తప్పు.

ముందు ఆయనకి ఆ కోపం ఎందుకొచ్చిందో చూడండి. పాట్రిక్ బ్రౌన్ గారు బర్గర్ అమ్ముకుని ఊరుకోలేదు, 2035కల్లా తిండి కోసం పశువుల్ని పెంచడమే లేకుండా చేస్తానని చాటింపు వేశారు. రాంచ్‌లో కూర్చుని పేపర్లో ఇది చదివే మనిషికి ఎలా ఉంటుంది? 2018లోనే పశువుల రైతుల సంఘం ఒకటి, మాంసం, బీఫ్ అనే మాటలు మొక్కల సరుకు మీద వాడకూడదని కేంద్ర వ్యవసాయ శాఖకి అర్జీ పెట్టింది. అదే ఏడాది మిస్సోరి రాష్ట్రం దాని మీద చట్టం కూడా చేసింది. 2019 మేలో బియాండ్ మీట్ షేర్ 25 డాలర్లకి మార్కెట్లోకి వచ్చి జూలైకల్లా 230 దాటింది. ఆ రోజుల్లో టీవీ పెడితే ఇదే గోల, ఇక ఆవుల పని అయిపోయిందని.

ఏమైంది మరి? అదే షేరు 2025 అక్టోబర్లో ఒక డాలర్ కిందికి పడింది. మెక్‌డొనాల్డ్స్ వాళ్లు మెక్‌ప్లాంట్ అని పేరు పెట్టి ఆరేడు వందల షాపుల్లో అమ్మి చూసి 2022లో ఎత్తేశారు. దేశం మొత్తం మీద షాపుల్లో అమ్ముడయ్యే మాంసంలో ఈ మొక్కల సరుకు వాటా ఒక శాతం అటూఇటూ. అందులోనూ కొనేవాళ్లలో ఎక్కువమంది మాంసం తినేవాళ్లే, ఒకరోజు ఇది, మర్నాడు అది.

ఒక వారం కథ చెబుతాను, నాకు ఇది ఎప్పుడు గుర్తొచ్చినా ఆశ్చర్యమే. 2019 ఆగస్టు 8న ఇంపాసిబుల్ వొప్పర్ దేశమంతా అమ్మకానికి వచ్చింది. మర్నాడు రాత్రి, కాన్సస్‌లో హోల్కమ్ అనే చిన్న ఊళ్లో టైసన్ కంపెనీ బీఫ్ ప్లాంట్‌లో మంటలు లేచాయి. రోజుకి ఆరువేల పశువులు వెళ్లే ప్లాంటు అది. పేపర్ల నిండా వొప్పర్ కబుర్లే, కానీ రైతుని ముంచింది ఆ మంటలు. ఒక్క ప్లాంటు ఆగేసరికి రైతులమ్మే పశువుల ధర పడిపోయింది, అదే సమయంలో ప్యాకర్లు, అంటే పశువుల్ని కొని కోసి మాంసం అమ్మే కంపెనీలు, అమ్మే బీఫ్ ధర పెరిగింది! సరుకు ఇచ్చేవాడికి తక్కువ, కొనుక్కునేవాడికి ఎక్కువ, మధ్యలో ఉన్నవాడికి పండగ. మరుసటి ఏప్రిల్‌లో కోవిడ్‌కి ప్లాంట్లు మూతపడితే మళ్లీ అదే సినిమా, ఇంకా పెద్ద తెర మీద.

ఇలా ఎందుకంటే, ఈ దేశంలో ఫీడ్‌లాట్లలో, అంటే మేత పెట్టి బలిపించే పెద్ద దొడ్లలో, పెరిగిన పశువుల్లో దాదాపు 85 శాతం కొనేది నాలుగే కంపెనీలు: టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్. 1980లో మొదటి నాలుగు కంపెనీల వాటా 36 శాతమే. మీది గుంటూరు కాబట్టి ఇంకేం వివరించక్కర్లేదు. మిర్చి యార్డులో ఎండలో టిక్కీలు దించుకుని కూర్చున్న రైతుకి, కొనేవాళ్లు నలుగురే ఉంటే ధర ఎవరు చెబుతారు? టిక్కీలు వెనక్కి తీసుకెళ్లడానికి బండి కిరాయి కూడా దండగే కదా. ఇక్కడా అంతే, బలిసిన పశువు ఆగదు, రోజూ మేత తింటూనే ఉంటుంది. ఇంకో విచిత్రం, ఆ నాలుగింటిలో ఒకటైన టైసన్ 2016లో బియాండ్ మీట్‌లో వాటా కొంది, 2019లో అది అమ్మేసి సొంతంగా మొక్కల సరుకు మొదలుపెట్టింది. జేబీఎస్ కూడా అమెరికాలో 2020లో మొదలుపెట్టి రెండేళ్లకి మూసేసింది. వాళ్లకి బఠానీ అయినా ఒకటే, ఆవైనా ఒకటే. తాతగారికి అలా కాదు.

ఆ తాతగారు చేసేది ఏమిటో కూడా మీవాడికి చెప్పండి. శాండ్‌హిల్స్ అంటే ఇసుక దిబ్బల మీద గడ్డి. పైన గడ్డి, కింద ఒగలాలా భూగర్భ జలం. 1904లో కింకెయిడ్ చట్టం కింద ఒక్కో కుటుంబానికి 640 ఎకరాలు ఇచ్చి సేద్యం చేసుకోమంటే, దున్నినవాళ్లు దున్నినట్టే ఇసుక లేచి దివాలా తీసి వెళ్లిపోయారు. గడ్డి తప్ప ఏదీ నిలవని నేల. ఒక ఆవూ దాని దూడా ఏడాది బతకడానికి పదెకరాల పైనే కావాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈనతాయి, మేలో బ్రాండింగ్, అక్టోబర్‌లో పాలు మాన్పించి 250 కిలోల దూడల్ని సేల్ బార్న్‌లో, అంటే మన పశువుల సంతలాంటి చోట, పాట పాడి అమ్ముతారు. ఏడాదికి ఒక్క జీతం, ఒక్కరోజు. అక్కణ్ణుంచి అవి ఫీడ్‌లాట్‌కి వెళ్లి మొక్కజొన్న తిని, తర్వాత ఆ నలుగురి దగ్గరికి చేరతాయి.

ఇక కరువు. వరసగా వానల్లేక గడ్డి ఎండిపోతే రైతు ఏం చేస్తాడు, ఈనే ఆవుల్నే అమ్ముకుంటాడు. 2025 జనవరి 1 నాటికి దేశంలో పశువులు 8 కోట్ల 67 లక్షలు, 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. దూడల ధర ఆకాశాన్నంటింది, ఒక్కోటి రెండువేల డాలర్ల పైన పలికింది, షాపులో గ్రౌండ్ బీఫ్ పౌండు ఆరు డాలర్లు దాటింది. మరి రైతుకి పండగే కదా అంటారేమో, అమ్ముకోవడానికి దూడలు ఉన్నవాళ్లకి పండగే. ఆవుల్ని ముందే అమ్మేసుకున్నవాళ్లు ఇప్పుడు అదే రేటుకి తిరిగి కొనాలి, అప్పు వడ్డీ వేరే. 2017లో బీఫ్ ఆవులున్న రైతు కుటుంబాలు 7 లక్షల 29 వేలు, 2022 లెక్కల్లో 6 లక్షల 22 వేలు. ఐదేళ్లలో లక్ష పైచిలుకు మంది గేట్లు మూసుకున్నారు. ఒక శాతం బర్గర్లు చేసే పని కాదిది. పశువులు లేక ప్లాంట్లే మూస్తున్నారు: మీకు పడమర పక్కనే, ఐ-80 హైవే మీద అరగంట దూరంలో ఉన్న లెక్సింగ్టన్ ప్లాంటుని మూసేస్తున్నట్టు 2025 నవంబర్‌లో టైసన్ ప్రకటించింది కదా, పదకొండువేల జనాభా ఉన్న ఊళ్లో మూడువేల ఉద్యోగాలు. ఇంకొంచెం ముందుకెళ్తే నార్త్ ప్లాట్‌లో రైతులే పూనుకుని రోజుకి 1500 పశువుల ప్లాంటు 2025లో మొదలుపెట్టారు. ఆ తాతగారికి నిజంగా పనికొచ్చే కబురు అదీ, ఇంపాసిబుల్ మీద తిట్లు కాదు.

పేర్ల గొడవ గురించి ఒక మాట, మనకి సంబంధం ఉంది కాబట్టి. బఠానీ ప్యాటీని మాంసం, బీఫ్ అనకూడదని రైతులు పోట్లాడారు, బాగానే ఉంది. కానీ అసలైన బీఫ్ బర్గర్‌లో ఏముందో తెలుసా? ఇక్కడి పశువుల కొవ్వు ముక్కలకి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ నుంచి వచ్చే కొవ్వులేని మాంసం చాలాచోట్ల కలిపి రుబ్బుతారు. ఏ దేశంలో పుట్టిందో బీఫ్ మీద తప్పనిసరిగా రాయాలన్న చట్టాన్ని 2015 చివర్లో ఎత్తేశారు. బయటి మాంసాన్ని ఇక్కడ ప్యాక్ చేసి 'ప్రొడక్ట్ ఆఫ్ యూఎస్ఏ' అని వేసుకునే వీలుండేది, 2026 జనవరి నుంచే ఆ మాట ఇక్కడే పుట్టి పెరిగిన పశువుకే అని నియమం వచ్చింది. ఇక బ్రెజిల్ మందలో ఎక్కువ భాగం నెలోరే జాతి, అంటే మన నెల్లూరు పేరు! ఒంగోలు గిత్తల సంతతి. టెక్సస్‌లో మూపురాలతో కనిపించే బ్రాహ్మన్ పశువుల్లోనూ మన దేశపు రక్తమే. నెబ్రాస్కా రైతుకి అసలు పోటీ బఠానీ ప్యాటీ కాదు, సముద్రం దాటి వెళ్లిన మన ఒంగోలు ఆవు మనవలు. ఈ సంగతి చెబితే తాతగారు నవ్వుతారో, ఇంకా కోప్పడతారో నేను హామీ ఇవ్వలేను.

అన్నట్టు బఠానీల వెనకా రైతులున్నారు. నార్త్ డకోటా, మోంటానాల్లో పసుపు బఠానీ బాగా వేస్తారు, సరిహద్దు అవతల కెనడాలో ఇంకా ఎక్కువ. వాళ్లకి పెద్ద గిరాకీ మనమే, మన దగ్గర శనగపిండిలో కలిసిపోయి బజ్జీల బండి దాకా వెళ్లేది ఈ బఠానీయే. 2017 నవంబర్‌లో మన ప్రభుత్వం దీనిమీద 50 శాతం సుంకం వేసేసరికి అక్కడ ధర పడిపోయింది. బర్గర్ కంపెనీలు కొనే బఠానీ ఆ నష్టం ముందు కొసరు లాంటిది.

వాతావరణం సంగతి మీరు అడగలేదు కానీ మీవాడు స్కూల్లో విని ఉంటాడు. పశువు కడుపులో మేత పులిసి తేన్పులతో మీథేన్ వదులుతుంది, నిజమే. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడొకరు 119 దేశాల్లో 38 వేలకు పైగా పొలాల లెక్కలు కలిపి చూసినప్పుడు కూడా బీఫే అన్నిటికన్నా పైన తేలింది. బియాండ్ తన బర్గర్‌కి ఉద్గారాలు 90 శాతం తక్కువని మిచిగన్ యూనివర్సిటీతో లెక్క కట్టించుకుంది, డబ్బు కంపెనీదే అయినా తేడా పెద్దదే అనడంలో అనుమానం లేదు. కానీ శాండ్‌హిల్స్‌లో ఆవుని తీసేస్తే అక్కడ బఠానీ పండదు. దున్నితే ఏమవుతుందో వందేళ్ల కిందటే చూశారు. ఈ రెండు మాటలూ నిజమే, మీవాడికి రెండూ తెలియాలి. బ్రాండింగ్ రోజు మాత్రం మొదటిది వాడు ఎత్తకుండా చూడండి. అడిగితే నిజం చెప్పమనండి, అడగకుండా ఉపన్యాసం వద్దు.

ఇప్పుడు ప్యాటీలు ఎందుకు వద్దన్నానో. మీరు మంచి మనసుతోనే పట్టుకెళ్తారు, వాళ్లకి శ్రమ లేకుండా మన తిండి మనం తెచ్చుకున్నాం అని. కానీ వాళ్ల కంటికి అది నెయ్యి అమ్ముకునే ఇంటికి డాల్డా డబ్బా పట్టుకెళ్లినట్టు ఉంటుంది. పైగా కాల్చేది వాళ్ల గ్రిల్ మీదే, అది మీకూ కుదరదు.

నేను ఇక్కడే నెబ్రాస్కాలో లింకన్‌కి వచ్చిన కొత్తలో మావారి సహోద్యోగి వాళ్ల రాంచ్‌కి ఇలాగే వెళ్లాం. గుర్రాల మీద వాళ్లు దూడ వెనక కాళ్లకి తాడు వేసి ఈడ్చుకొస్తారు, ఇద్దరు కుర్రాళ్లు పట్టుకుంటారు, ఒకరు టీకా, ఒకరు కాల్చిన ముద్ర, మగదూడ అయితే ఒకరు కత్తితో విత్తులు తీసేస్తారు. నిమిషంలో అయిపోతుంది, దూడ లేచి తల్లి దగ్గరికి పరిగెడుతుంది, కానీ ఆ వెంట్రుకలు కాలిన వాసన రెండురోజులు జుట్టులోంచి పోలేదు. మీ అత్తగారికి ముందే చెప్పండి, ఆవిడ రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. చుట్టుపక్కల రాంచ్‌ల వాళ్లంతా వచ్చి చేతులు వేస్తారు, డబ్బులు ఉండవు, రేపు వీళ్లు వాళ్లింటికి వెళ్తారు. మన వైపు బదులు సాయం అంటామే, అచ్చం అదే. అందుకే మిమ్మల్ని పిలవడం చిన్న విషయం కాదు, కోపం ఉన్న మనిషి పిలవడు.

పని అయ్యాక షెడ్డులో పొడవాటి బల్లల మీద భోజనం, ఇంటింటి నుంచి ఏదో ఒకటి తెస్తారు. బీన్స్ కనిపిస్తే సంబరపడి వడ్డించుకోకండి, అందులో బేకన్, అంటే పంది మాంసం, ఉంటుంది, నేను మొదటిసారి చెంచా నోటిదాకా తెచ్చాక తెలిసింది. రొట్టెలు, బంగాళాదుంప, సలాడ్, 'పై' అనే తీపి వంటకం ఉంటాయి, అవీ అడిగే తినండి. నేను ఆ రోజు పెద్ద గిన్నెడు పులిహోర చేసి పట్టుకెళ్లాను, ఎవరూ ముట్టరేమో అనుకుంటూ. చేతులు కడుక్కుని వచ్చేసరికి గిన్నె ఖాళీ, టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన అడుగున మిగిలిన వేరుశనగ గుళ్లు ఏరుకుంటున్నాడు, ఎండుమిరపకాయలు మాత్రం అంచు వెంట వరసగా పేర్చి పెట్టాడు. మీరూ అదే చెయ్యండి, ఎంత చెయ్యాలనుకుంటున్నారో దానికి రెండింతలు.

మీవాణ్ణి తాతగారి పక్కన కూర్చోబెట్టి, పోయిన అక్టోబర్లో దూడలు ఎంతకి పోయాయి, కరువులో ఎన్ని ఆవులు అమ్మాల్సి వచ్చింది అని అడగమనండి. బర్గర్ మాట మళ్లీ వస్తే, "నేను ముందునుంచీ బీఫ్ తినను తాతా, ఇది మానేసినా మీ దూడకి గిరాకీ పెరగదు" అని వాడే చెప్పుకోగలడు, పద్నాలుగేళ్లు వచ్చాయి కదా. దూడల్ని పట్టుకోమని వాణ్ణి కూడా దింపుతారు, దింపనివ్వండి. పాత జీన్స్, పాత బూట్లు వేయండి, మేలో కూడా అక్కడ పొద్దున గాలి ఎముకలు కొరుకుతుంది, జాకెట్ మర్చిపోవద్దు.